పొరలక్క చూసీ దాటేసినవి

ఆ పరిశోధనశాలలో నేలమాళిగకు దిగగానే కుడివైపు చివరి గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. "తలుపు మెల్లగా. దగ్గు, తుమ్ము బయటే." కింద సంతకం లేదు. అక్కర్లేదు కూడా. అది ఎవరి రాతో, ఎవరి కోపమో ఆ భవనంలో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆ గది పొరలక్కది. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఆ తలుపు దగ్గరికి రాగానే చెప్పులు ఈడ్వడం మానేసి పిల్లుల్లా నడుస్తారు.

ఆమె చేసే పని చెప్పడానికి చాలా తేలిక. జీవకణాలను జిగురులో పోతపోసి, అది రాయిలా గట్టిపడ్డాక, ఆ ముక్కను పొరలు పొరలుగా కోయాలి. ఒక వెంట్రుక మందంలో వెయ్యి పొరలు రావాలి, అంతే. కోసిన పొర కత్తిని ఆనుకుని ఉన్న చిన్న నీటి తొట్టిలో తేలుతుంది. వెండి రంగులో మెరిస్తే మంచి పొర. బంగారు రంగు వస్తే కాస్త మందం. ఊదా రంగు వచ్చిందంటే ఆ పూట పొరలక్కను పలకరించకపోవడం మేలు. తేలే పొరలను పక్కకు జరపడానికి పుల్ల చివర అంటించిన కనురెప్ప వెంట్రుక ఒకటి వాడుతుంది. అది ఆమె సొంత కనురెప్పదే. వేరేవాళ్ళవి మరీ వంకరట. ఆ తర్వాత చిటికెనవేలి గోరులో సగం కూడా లేని రాగి జల్లెడ మీదకు పొరలను ఎత్తుకుని, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి ఫోటోలు తీస్తుంది.

నిజానికి ఆమె ఇక్కడ చేరింది గాజుసామాను కడగడానికి. అప్పట్లో పొరలు కోసే మాస్టారు ఒకాయన ఉండేవాడు. మహా చాదస్తం. ఒకరోజు జలుబు చేసి, చేతులు ఒణుకుతుంటే, గాజుపట్టీని విరిచి పొరలు కోసే కత్తి చేయమని దగ్గర్లో ఉన్న ఈమెకు ఇచ్చాడు. ఈమె విరిచిన అంచును దీపం కింద తిప్పి తిప్పి చూసి, "చేతిలో తొందర లేదు నీకు. రేపట్నుంచి గిన్నెలు ఇంకెవరైనా కడుగుతారు" అన్నాడు. ఆయన ఆమెకు రెండే నేర్పాడు. ఒకటి, పొర తేలేటప్పుడు ఊపిరి బిగబట్టడం. రెండోది, మన చేతిలోంచి పాడు బొమ్మ బయటికి వెళ్ళకూడదని. మొదటిది ఆమెకు నెలలో వచ్చింది. రెండోది ఆమె ఎముకల్లోకి దిగిపోయింది. ముడతపడ్డ పొర, మరకపడ్డ పొర, చూడ్డానికి తికమకగా ఉండే పొర ఏదైనా సరే, ఆమె గదిలోనే ఆగిపోయేది. బయటికి వెళ్ళిన ఫోటోలు మాత్రం పుస్తకాల అట్టల మీదకు ఎక్కేవి. లోపల చివరి పేజీలో, ధన్యవాదాల వరసలో ఎక్కడో ఆమె పేరు కాకపోయినా ఉద్యోగం పేరు ఉండేది. దానికే ఆమె మొగుడు వీధంతా చెప్పుకుని వచ్చేవాడు.

ఆ మొగుడిది పెళ్ళి ఫోటోల దుకాణం. ఇద్దరూ ఫోటోలవాళ్ళే కాబట్టి ఇంట్లో వాదనలు కూడా వెలుతురు గురించే జరిగేవి.

ఇక హడావిడి సంగతి. డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్న అమ్మాయికి ఆ భవనంలో అందరూ పెట్టిన పేరు అది. సంచి జిప్పు ఎప్పుడూ సగమే వేసి ఉంటుంది. మెట్లు రెండేసి దిగుతుంది. బుర్ర మాత్రం పాదరసం. ఆమె చదువుతున్నది మైటోకాండ్రియా గురించి.

మైటోకాండ్రియా అంటే కణానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం తయారుచేసే చిన్న సంచులు. ఒక్కోదానికి రెండు పొరలు. బయటి పొర నున్నగా ఉంటుంది. లోపలి పొర మాత్రం బోలెడన్ని మడతలుగా లోపలికి దిగి ఉంటుంది. శక్తి తయారయ్యేది ఆ మడతల మీదే. ఆ మడతలు వాటంతట అవి పడవు, ప్రోటీన్లు పడేలా చేస్తాయి. మడత అంచున కొన్ని ప్రోటీన్లు జంటలు జంటలుగా బారు తీరి పొరను వంచుతాయి. మడత మొదలయ్యే చోట ఇంకో గుంపు కాపు కాస్తుంది. సంచి మూతికి నాడా బిగించినట్టు ఆ చోటును సన్నటి మెడలా నిలబెడుతుంది. ఆ మెడ దగ్గరి ప్రోటీన్ లేకపోతే మడతలు గోడ నుంచి ఊడిపోయి, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉల్లిపాయ పొరల్లా పడి ఉంటాయి. అలాంటి కణాలున్న మనిషికి నాలుగడుగులు వేస్తే ఆయాసం.

ఒక ఆసుపత్రి నుంచి తొమ్మిదేళ్ళ పాప చర్మకణాలు వచ్చాయి. నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఊరికే అలసిపోతోంది. చూసిన డాక్టర్లలో సగం మంది ఏమీ లేదు, ఊరికే నీరసం అన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ పట్టుబట్టి పరీక్షలు చేయిస్తే, ఆ మెడ ప్రోటీన్‌ను రాసే జన్యువులో చిన్న తేడా కనబడింది. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ తేడా వల్ల ప్రోటీన్ బొత్తిగా పనికిరాకుండా పోయిందా, కొంచెమైనా పనిచేస్తోందా? ఎందుకంటే వేరే ఊళ్ళో ఒక మందును పిల్లల మీద జాగ్రత్తగా పరీక్షిస్తున్నారు. మిగిలి ఉన్న ప్రోటీన్‌కు ఆసరా ఇచ్చే మందు అది. ఏమీ మిగలని పిల్లలను అందులో చేర్చుకోరు.

హడావిడి రెండు గొట్టాలు తెచ్చి ఇచ్చింది. ఒకటి ఎర్రమూత, ఒకటి నీలంమూత. ఏది పాపదో, ఏది ఆరోగ్యంగా ఉన్న పిల్లదో చెప్పకూడదు. చూసేవాళ్ళకు ముందే తెలిస్తే కన్ను అటే లాగుతుందని ఆ పద్ధతి పెట్టారు. కానీ పొరలక్కకు మొదటి జల్లెడతోనే తెలిసిపోయింది. నీలంమూతలో ఉల్లిపాయలు కనబడ్డాయి.

ఆ పిల్ల మొహం కూడా ఆమె ఎరగదు. అయినా "ఏమీ లేదు, నీరసం" అన్న డాక్టర్లందరి మీదా కోపం వచ్చింది. ఇక ఎవరూ నోరెత్తకుండా చేస్తాను చూడండి అనుకుంది. చక్కగా, గుండ్రంగా, పొర మీద పొర చుట్టుకున్న ఉల్లిపాయల్ని ఏరి ఏరి ఫోటోలు తీసింది. మధ్యలో కొన్ని అటూ ఇటూ కానివి తగిలాయి. ఒక పక్క ఊడిపోయి, ఇంకో పక్క ఏదో అతుక్కున్నట్టు, తికమకగా. అవి పాడు బొమ్మల కింద లెక్క. వాటి ముందు క్షణం కూడా ఆగకుండా దాటేసింది. వంద ఫోటోలు అయ్యాక హడావిడికి ఇచ్చి, ఆ రోజు ఇంటికి కాస్త తల ఎత్తుకునే వెళ్ళింది.

మంగళవారం పైఅంతస్తులో సమావేశం పెట్టారు. ల్యాబ్ పెద్దాయన, ఆసుపత్రి డాక్టరమ్మ, హడావిడి, ఇంకో నలుగురు. ఫోటోలు తీసిన మనిషి కాబట్టి పొరలక్కను కూడా పిలిచారు. తెర మీద ఉల్లిపాయలు ఒకటి తర్వాత ఒకటి వస్తుంటే అందరూ అబ్బా అన్నారు. డాక్టరమ్మ మాత్రం అనలేదు.

"వందలో ఒక్కదానికి కూడా మెడ లేదా?" అని అడిగింది.

"ఒక్కటీ లేదండీ. ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు" అంది హడావిడి, గొప్పగా.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ప్రోటీన్ ఏమీ మిగల్లేదన్నమాట. శుక్రవారం వాళ్ళమ్మను పిలిచి చెప్పేస్తాను. ఆ మందు పరీక్షలో చేర్చుకోరు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ఆశతో తిరిగింది పాపం."

జబ్బును ఎక్కువ చేసి చూపిస్తే ఆ పిల్లకు మేలు జరుగుతుందనుకుంది పొరలక్క గాని, ఉన్నది కాస్తా లేకుండా పోతుందని అనుకోలేదు. గబగబా కిందికి దిగి, నీలంమూత జల్లెడల్లో ఒకదాన్ని మళ్ళీ మైక్రోస్కోపులో పెట్టింది. జల్లెడలు ఎప్పుడూ పారేయదు, ఆ ఒక్క చాదస్తం ఆ రోజు అక్కరకొచ్చింది. ఇంతకుముందు దాటేసిన చోటికి వెళ్ళి, ఈసారి ఆగి చూసింది. ఉల్లిపాయే. కానీ ఒక పక్కన, బయటి గోడ దగ్గర, సన్నటి మెడ. దాని వెనక బుద్ధిగా నిలబడ్డ ఒక మడత. జల్లెడ పక్క గడిలో ఇంకొకటి.

సాయంత్రం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతే మొగుడు గమనించాడు.

"ఏంటి, ఊదా రంగు వచ్చిందా?"

"నవ్వులాట కాదండీ." జరిగిందంతా చెప్పింది.

ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "ఓస్, అంతేనా? నేను చేసేదీ అదేగా. కళ్ళు మూసుకున్నవి, నోరు తెరిచినవి తీసేసి, బాగున్నవే ఇస్తా. ఎవరైనా తప్పు పట్టారా ఇప్పటిదాకా?"

"మీ ఆల్బమ్ చూపించి, ఆ పెళ్ళిలో ఎంతమంది కళ్ళు మూసుకున్నారో చెప్పమంటే ఏం చెబుతారు?"

"ఎవరూ మూసుకోలేదని..." అనబోయి ఆగిపోయాడు. "రేపు వెళ్ళగానే చెప్పెయ్" అన్నాడు చివరికి.

"చెప్తే ఇరవై రెండేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. ఇంతకుముందు తీసినవన్నీ ఇలాగే ఏరిందా అంటారు."

"అంటారు. పడు. చెప్పకపోతే అంతకంటే ఎక్కువ పడతావు, నీ మొహం నాకు తెలీదా?"

పొద్దున్నే హడావిడి మెట్లు రెండేసి దిగి వచ్చేసరికి పొరలక్క గది బయటే నిలబడి ఉంది. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చెప్పేసింది. హడావిడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"ఆరు నెలల పని అక్కా! నా స్కాలర్‌షిప్ ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. నిన్ను నమ్మి పెద్దాయనకు ఒక్కటి కూడా లేదని చెప్పాను. అందరి ముందూ చెప్పాను!"

"నీ తప్పు కాదు తల్లీ. నాదే."

"నాది కాదని నాకూ తెలుసు!" అని అరిచింది ఆ పిల్ల. తలుపు మీద ఏం రాసి ఉందో ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు. అరిచాక కళ్ళు తుడుచుకుని, "చూపించు" అంది. మైక్రోస్కోపు తెర మీద ఆ సన్నటి మెడను చూసింది. పక్క గడిలో ఇంకోదాన్నీ చూసింది. కోపం ఇంకా ఉంది గాని, వంగి మరీ చూడ్డం మొదలుపెట్టింది. "అక్కా, ఇవి ఉన్నాయి" అంది మెల్లగా. "ఇవి ఉన్నాయంటే..." ఆ మాట పూర్తిచేయకుండానే డాక్టరమ్మకు ఫోన్ చేసింది, శుక్రవారం ఆపమని.

పెద్దాయన దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆయన అంతా విని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకుంది పొరలక్క.

"పుస్తకానికి తీసేవి వేరు, లెక్కకు తీసేవి వేరని ఇన్నేళ్ళలో నీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదండీ."

"చెప్పాల్సింది నేనే" అన్నాడాయన. "పాడు బొమ్మ తెస్తే మొహం చిట్లించిందీ నేనే. మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి ఏ ఫోటో తీయాలో నువ్వు నిర్ణయించవు. పాత లెక్కలకు తీసినవీ ఒక్కొక్కటే మళ్ళీ చూద్దాం."

కొత్త పద్ధతి ఇది. కొత్త గొట్టాలకు ఆఫీసు గుమాస్తా అంకెలు వేసి, ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. జల్లెడలో ఏ గడిని చూడాలో కూడా ఆయనే చీటీ తీసి చెబుతాడు. ఆ గడిలో ఎడమచేతి పై మూల ఏ మైటోకాండ్రియా తగిలితే దాని ఫోటో తీయాలి. అందమైనదా, అనాకారిదా అన్న ప్రశ్నే లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఒక్క పొరలో మెడ కనబడకపోతే లేదని చెప్పడానికి వీల్లేదు, పై పొరలోనో కింది పొరలోనో ఉండొచ్చు. కాబట్టి ఒకే ముక్క నుంచి పన్నెండు పొరలు, ఒక్కటి కూడా తప్పిపోకుండా, రిబ్బన్‌లా వరసగా కోయాలి. ఆ పని ఆ భవనంలో చేయగలిగింది పొరలక్క ఒక్కతే. తప్పు చేసిన చేతికే మళ్ళీ పని అప్పజెప్పక తప్పలేదు.

కోయడం ఆమెకు కష్టం కాలేదు. ఏరకుండా ఉండటమే తల ప్రాణం తోకకు తెచ్చింది. మైక్రోస్కోపు మీట మీద చెయ్యి దానంతట అదే పక్కనున్న చక్కటి ఉల్లిపాయ వైపు జారేది. అందుకే హడావిడి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది.

"అక్కా, చెయ్యి!"

"జరగలేదే."

"జరిగింది. నేను చూశా. మూలకు రా."

"దీని మొహం చూడు, సగం మరక. ఇదేం ఫోటో అంటారు ఎవరైనా?"

"మరకతో సహా తియ్యి."

పళ్ళు కొరుక్కుంటూ తీసేది. మొదటి వారం ఆమెకు ప్రతి ఫోటో సిగ్గుగానే ఉండేది. రెండో వారానికి తిట్టుకోవడం తగ్గింది. ఒక పొరలో మెడ మొదలై, తర్వాతి పొరలో సన్నబడి, ఆ తర్వాతి దాంట్లో మాయమవడం చూస్తూ చూస్తూ, ఆమెకే తెలియకుండా ఆ తికమక బొమ్మల మీద ఇష్టం పుట్టింది. ఇన్నేళ్ళూ వీటిని సరిగ్గా చూడనే లేదే అని ఒకరోజు పైకే అంది. హడావిడి ఆ రోజు నుంచి అరవడం మానేసింది.

మూడు వారాలకు నాలుగు వందలు పూర్తయ్యాయి. మెడలు ఉన్నాయా లేవా అని లెక్కపెట్టింది ఇంకో ల్యాబ్‌లో ఉండే ఇద్దరు. గుమాస్తా సొరుగు తాళం తీసి కాగితం ఇచ్చాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల కణాల్లో దాదాపు అన్నిటికీ మెడలున్నాయి. పాప కణాల్లో నాలుగింటికి ఒకటి చొప్పున ఉన్నాయి. హడావిడి ఆ అంకెను మూడుసార్లు కూడి చూసింది. మూడోసారి పొరలక్కను గట్టిగా కావలించుకుంటే, చేతిలో ఉన్న కనురెప్ప పుల్ల విరిగింది. పొరలక్క తిట్టలేదు. ఆ భవనం చరిత్రలో అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఆ లెక్కను వేరే ఊళ్ళోని మందు పరీక్షవాళ్ళకు పంపింది. పది రోజులకు జవాబు వచ్చింది. పాపను మొదటి పరీక్షలకు తీసుకురమ్మన్నారు. మందు పనిచేస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు, కానీ తలుపైతే తీశారు.

ఆ కబురు చెప్పడానికి పిలిస్తే, వాళ్ళమ్మ ఆ బొమ్మలు తన కళ్ళతో చూస్తానంది. సిటీ బస్సు నడుపుతుందామె. డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చింది. చంకలో నాలుగేళ్ళ కాగితాలతో లావెక్కిన ఫైలు. హడావిడి తెర మీద మెడలూ మడతలూ చూపిస్తూ, ఎప్పుడూ లేనిది, నిదానంగా చెప్పింది. ఆమె అన్నిటికీ తలూపింది. అందులో ఎంత అర్థమైందో తెలియదు.

పొరలక్క ముందుకు వచ్చింది. డాక్టరమ్మ వద్దన్నట్టు చూసినా ఆగలేదు. "అమ్మా, ఒక మాట చెప్పాలి. మొదటిసారి ఈ ఫోటోలు తీసింది నేనే. అప్పుడు మీ పాప కణాల్లో బాగున్నవాటిని చూసి కూడా వదిలేశాను. బాగా చెడిపోయినవే ఏరి చూపిస్తే అందరూ నమ్ముతారనుకున్నాను. మీ పాపను ఉన్నదానికంటే ఎక్కువ జబ్బుమనిషిని చేశాను. నా వల్ల మీ నెల రోజులు పోయాయి."

బస్సమ్మ తెర మీంచి చూపు తిప్పి ఆమె వైపు తిరిగింది.

"నమ్ముతారనా?" అంది. "నాలుగేళ్ళుగా మమ్మల్ని ఎవరూ నమ్మలేదండీ. మీరు మరీ ఎక్కువ నమ్మేశారు." కోపంగా అందో, కాదో పొరలక్కకు అర్థం కాలేదు. బస్సమ్మ మళ్ళీ తెర వైపు తిరిగింది. "ఇప్పుడు ఎన్ని బాగున్నాయన్నారు?"

"నాలుగింటికి ఒకటి."

"నాలుగింటికి ఒకటి" అని ఆమె తనలో తనే అనుకుంది. వేళ్ళు మడిచి, ఒక్క వేలు తెరిచి చూసుకుంది. "మా ఇల్లు మూడో అంతస్తండీ. లిఫ్టు లేదు. బడి నుంచి వచ్చి ప్రతి మలుపు దగ్గరా కూర్చుండిపోతుంది. బద్ధకమే నీకు, లే, లే అని తిట్టేదాన్ని. లేచేది. ఒక్కరోజు కూడా ఎత్తుకోమని అడగలేదు. ఈ కాస్తతోనా అది ఇన్నాళ్ళూ ఎక్కింది?"

ఆమె ఏడుస్తుందేమోనని హడావిడి నీళ్ళగ్లాసు అందించింది. ఆమె గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. ఆ ఒక్క మెడ కేసి, దాని వెనక నిలబడ్డ ఒంటరి మడత కేసి చూస్తూ నవ్వింది.

"ఇది నాకు ఒకటి కావాలి. కాగితం మీద. దానికి చూపించాలి" అంది.

పొరలక్క ప్రింటరు దగ్గరికి వెళ్ళింది. ఆ ఫోటోలో ఒక మూల మరక ఉంది, పొర కూడా కొంచెం ముడతపడింది. ఉన్నదున్నట్టే, కాగితం పట్టినంత పెద్దదిగా తీసి ఆమె చేతికిచ్చింది. బస్సమ్మ ఆ లావుపాటి ఫైలును తెరవకుండా, ఫోటోను చేత్తోనే పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.